చీలిన రేకుల పత్తి

నేను వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. పర్మినెంటు కాదు, గెస్టు లెక్చరర్‌ని. పువ్వు నిర్మాణం పాఠం వచ్చినప్పుడు పిల్లలకు మందారం తెచ్చి చూపిస్తాను. పత్తిపువ్వు తేవడం ఇంకా సులువు. ఊరు దాటితే ఏ చేనులోనైనా దొరుకుతుంది, రెండూ ఒకే కుటుంబం కూడా. కానీ తేను. పత్తిపువ్వును చేతిలో పట్టుకుని మామూలు గొంతుతో పాఠం చెప్పడం నావల్ల కాదు.

మాది గద్వాల వైపు, రెండు నదుల నడుమ ఉన్న నడిగడ్డలో ఒక ఊరు. అక్కడ పండేది ఎక్కువగా సీడ్ పత్తి. అంటే కంపెనీలు డబ్బాల్లో పోసి అమ్మే హైబ్రిడ్ విత్తనం మా చేలల్లో తయారవుతుంది. ఆడ వరసలు వేరు, మగ వరసలు వేరు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజు సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోటితో చీల్చి, రేకులనూ పుప్పొడి మోసే కేసరాలనూ ఒక్కసారిగా ఒలిచేయాలి. నడుమ పుప్పొడిని అందుకునే కీలం ఒక్కటి మిగలాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఊళ్లో దీన్ని క్రాసింగ్ అంటారు. పొరపాటున కేసరాలు కొన్ని మిగిలిపోతే ఆ పువ్వు తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. అప్పుడు ఆ విత్తనం కల్తీ.

మాది తరాలుగా కూలి చేసిన ఇల్లు. అమ్మ ఆ పనే చేసింది, చదువు మధ్య సెలవుల్లో నేనూ చేశాను. మేం చర్చికి పోయేవాళ్లం, కానీ పూత కాలంలో అమ్మ ఆదివారం ప్రార్థనకు వచ్చేది కాదు. పాస్టరు గారు ఒకసారి ఇంటికొచ్చి మరీ అడిగారు.

“దేవుడు ఏడోనాడు ఆరాం చేసిండు అయ్యా,” అంది అమ్మ, “పత్తిచెట్టు చెయ్యదు గద.”

అలా సెలవుల్లో కూలికి పోతూనే నాగర్‌కర్నూల్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. తర్వాత పీజీ. జన్యుశాస్త్రం మొదటిసారి విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. రేకు అనేది ఒక రకంగా ఆకే. మొగ్గలోపల కొన్ని జన్యువులు కలిసి, ఇక్కడ రక్షక పత్రం రావాలి, ఇక్కడ ఆకర్షణ పత్రం, ఇక్కడ కేసరం అని నిర్ణయిస్తాయి. ఇంకొన్ని జన్యువులు ఆ రేకులోని కణాలు ఎంతసేపు విభజన చెందాలో, ఏ దిక్కుకు పెరగాలో, ఎప్పుడు ఆగాలో చెబుతాయి. వాటిలో ఒకదానిలో చిన్న మార్పు వస్తే చాలు, వెడల్పు రేకు సన్నబడుతుంది, ఒంటి రేకు చీలుతుంది, గుండ్రని అంచు రంపంలా అవుతుంది. దాన్ని ఉత్పరివర్తనం అంటారు. పేరు పలకడానికి నోరు తిరగదు గానీ విషయం చాలా తేట. ఇన్నేళ్లు నేను గోటితో చీల్చి పారేసిన రేకుల్లో ఇంత కథ ఉందా అనుకున్నాను.

అమ్మ పోయాక ఇంటికి దిక్కు మా వదినే. అన్న కంటే వదినకే పనిలో పేరు. రైతులు పూత రాకముందే ఇంటికొచ్చి మాట తీసుకునేవాళ్లు. ఆమె మొగ్గ ఒలిస్తే కీలానికి గాటు పడేది కాదు, కేసరం మిగిలేది కాదు. చేతుల వేళ్లు పొడవు, గోర్లు మాత్రం ఎప్పుడూ పసుపుపచ్చగా, అంచులు అరిగిపోయి ఉండేవి.

నాలుగైదేళ్ల కింద అన్న కౌలుకు ఒక చెలక తీసుకున్నాడు. “ఎన్నేండ్లు ఒకరి చేన్ల గిల్లాలె? ఈసారి మన చేన్ల మనం గిల్లుకుందం,” అన్నాడు. గద్వాల ఆర్గనైజర్ ఒకాయన విత్తనం ఇచ్చాడు. కంపెనీకీ రైతుకూ నడుమ ఉండే మనిషిని ఆర్గనైజర్ అంటారు. ఆడ విత్తనం, మగ విత్తనం, మందులు, పెట్టుబడి అన్నీ ఆయన చేతి మీదుగానే రావాలి. పండిన విత్తనం ఆయన చేతికే పోవాలి. కంపెనీ ఎక్కడుందో రైతుకు తెలియదు, రైతు ఎవరో కంపెనీకి తెలియదు.

దసరా సెలవులకు నేను ఊరికి పోయాను. మర్నాడు పొద్దున వదిన నన్ను చేనుకు తీసుకుపోయి ఆడ వరసల్లో ఒక చెట్టు ముందు నిలబెట్టింది.

“ఇది చూడు పిల్లా. పువ్వు చినిగింది. పురుగు కొట్టిందా ఏంది?”

పత్తిపువ్వు మీరు చూసే ఉంటారు. లేత పసుపు రేకులు ఐదు, ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి, చీర కుచ్చిళ్లలా చుట్టుకుని ఉంటాయి. ఈ చెట్టు పూలు అలా లేవు. రేకులు సన్నగా, పేలికల్లా, ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా ఉన్నాయి. కొన్ని కొస దగ్గర రెండుగా చీలాయి. సందుల్లోంచి కేసరాల గుత్తి బయటికి కనిపిస్తోంది. పురుగు కొరికితే అంచు గరుకుగా ఉంటుంది, అది నున్నగా ఉంది. అదే చెట్టుకు ఇంకో పువ్వు చూశాను, అదీ అంతే. మొగ్గ విప్పి చూశాను, లోపలి రేకులూ అంతే. వరసలో ముందుకు నడిచాం. అక్కడొకటి, ఇక్కడొకటి అలాంటి చెట్లు. మగ వరసల్లో ఒక్కటీ లేదు.

నిజం చెప్పాలంటే నాకు గంతులేయాలనిపించింది. పుస్తకంలో బొమ్మగా చూసింది మా సొంత చేనులో, మంచు తడితో, నా చేతిలో ఉంది. వదినకు అక్కడే గట్టు మీద కూర్చుని చెప్పాను.

“ఇది రోగం కాదు వదినా. విత్తనంలనే ఉంది. పైన ఎక్కడో, ఈ విత్తనం తయారైన చోట, ఒక చెట్టుల మార్పొచ్చింది. దాని పిల్లలే ఇవి.”

“మంచిదా, చెడ్డదా?”

“పువ్వుకు ఏం చెడు లేదు. కానీ మన విత్తనంల ఇది కలిస్తే ఒప్పుకోరు. ఈ చెట్లు పీకేయాలె.”

అన్నకు చెబితే ఆలోచనలో పడ్డాడు. చెట్టు పీకితే కాయలు పోతాయి, అదొక బాధ. అయినా ఆర్గనైజర్‌కు ఫోన్ చేశాడు. ఆయన ఆ సాయంత్రమే మోటారు సైకిల్ మీద వచ్చి, గట్టు దిగకుండానే, నేను తెచ్చి చూపించిన పువ్వును అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఎండకు రేకులు గిట్లనే అయితయి. ఏం పరేషాన్ లేదు. పీకకుండ్రి. మంచి చెట్లు పీకితే దిగుబడి ఏడికెల్లొస్తది?”

“ఎండకు అన్ని చెట్లకూ కావాలె గద సార్,” అన్నాను. “పక్క చెట్టు మంచిగనే ఉంది. ఇది విత్తనంల వచ్చిన తేడా.”

ఆయన నా వైపు చూడలేదు. అన్నతోనే అన్నాడు, “మీ చెల్లె చదువుకున్నది, మంచిదే. కానీ నేను ఇన్నేండ్ల సంది ఇదే పని చేస్తున్న.”

ఆయన పోయాక నేను గట్టిగానే కొట్లాడాను. అన్న వినలేదు. “విత్తనం ఇచ్చింది ఆయన. తీసుకునేది ఆయన. ఆయననే ఏం కాదంటుంటే నడుమ మనదేంది చెల్లె?” అన్నాడు.

వదిన ఆ చెట్ల మొగ్గలు కూడా ఒలిచింది. మామూలు వాటికన్నా అవే సులువుగా వస్తున్నాయని నవ్వింది. రేకుల నడుమ సందు ఉంది కాబట్టి గోరు పెట్టగానే ఒలుచుకుని వచ్చేవట. సెలవులు అయిపోయి నేను వనపర్తికి వచ్చేశాను.

పత్తి ఏరారు, దూదీ గింజా వేరు చేయడానికి జిన్నింగుకు పోయింది, విత్తనం ఆర్గనైజర్‌కు అప్పజెప్పారు. దాన్ని కంపెనీ తన పొలంలో కొంచెం వేసి, మొలిచిన చెట్లు పూతకు వచ్చేదాకా చూస్తుంది. అన్నీ ఒక్క తీరుగా ఉంటే పాస్. తేడా చెట్లు ఎక్కువగా వస్తే ఫెయిల్. ఫెయిలైతే ఏడాదంతా పడ్డ కష్టం మామూలు పత్తిగింజ కిందే లెక్క.

ఎండాకాలంలో అన్న ఫోన్ చేశాడు. ఫెయిల్ అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

నేను ఊరికి వెళ్లేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఆర్గనైజర్ పంచాయతీ ఆఫీసు ముందు అరుగు మీద కూర్చుని, మనుషులందరి ముందూ, “నేనేం చేయాలె? మీ ఆడమనిషి సరిగ్గ ఒలవలే. సొంత చేను గద అని ఉరుకులాడి చేసినట్లుంది,” అన్నాడట. అన్న అది విని అక్కడే ఉన్న వదిన వైపు తిరిగి, “నీ చేతులు కాలిపోను. ఊరోళ్ల చేన్లు పాస్ చేసి ఇంటిది ముంచినవ్ గదనే,” అన్నాడట. ఈ మాట నాకు వదిన చెప్పలేదు. పక్కింటామె చెప్పింది. వదిన పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు చేస్తూ, నన్ను చూసి, “చెయ్యి కడుక్కో,” అని మాత్రం అంది.

అన్నతో మాట్లాడి లాభం లేదనిపించింది. వదినను వెంటబెట్టుకుని గద్వాలకు పోయి ఆర్గనైజర్ దుకాణంలో కూర్చున్నాను. పరీక్ష చేసిన చేను చూపించమన్నాను. మొదట నవ్వాడు, తర్వాత చీదరించుకున్నాడు. మేం లేవకపోయేసరికి, కొత్తకోట దగ్గర హైవేకు కొంచెం లోపల ఉందని, పోయి చూసుకోమని చెప్పాడు. చూసి ఏం చేస్తారులే అనుకుని ఉంటాడు. అది నిజమే అయింది.

మరుసటి రోజు బస్సు దిగి, మెకానిక్ షాపుల వెనక మట్టి దారిలో నడిచాం. ముళ్ల కంచె, లోపల చిన్న చిన్న మడులు, ఒక్కో మడికి ఒక కర్ర, కర్రకు నంబరు. అక్కడ ఒక కంపెనీ ఉద్యోగి ఉన్నాడు. నా కంటే చిన్నవాడు, వ్యవసాయం చదివినవాడు. నేను లెక్చరర్‌నని చెబితే మర్యాదగా కుర్చీ వేశాడు. ఆర్గనైజర్ పేరు, ఊరి పేరు చెబితే మా మడి చూపించాడు.

అంత దూరం నుంచే కనిపించాయి. పేలికల్లాంటి రేకులు.

నేను ఆ పిల్లవాడికి పాఠంలా చెప్పాను. క్రాసింగ్ సరిగ్గా చేయకపోతే వచ్చే తేడా చెట్టు అచ్చం ఆడ చెట్టులా ఉండాలి. ఆడ చెట్టుకు రేకులు వెడల్పు, కాబట్టి దీనికీ వెడల్పుగానే రావాలి. ఈ చెట్లలో ఆకు హైబ్రిడ్‌దే, ఎత్తు హైబ్రిడ్‌దే, రేకు ఒక్కటే వేరు. అంటే క్రాసింగ్ సరిగ్గానే జరిగింది. మీరిచ్చిన ఆడ విత్తనంలోనే కొన్ని మారిన గింజలున్నాయి. ఆ మార్పు తల్లిలోని జన్యువుల జంటలో ఒక్కదానిలో ఉన్నా బయటికి కనిపించే రకం. అందుకే మగ చెట్టు మంచిదైనా అలాంటి తల్లి పిల్లల్లో సగానికి ఈ రేకులే వస్తాయి.

అతను తల ఊపుతూ విన్నాడు. వాదించలేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

“మీరు చెప్పింది కరెక్టే మేడం. నేను చూడంగనే అనుకున్న. కానీ తేడా చెట్లు ఎన్ని ఉన్నయని అడుగుతరు గాని, ఎందుకొచ్చినయని నన్నెవరూ అడగరు.”

“మరి ఆర్గనైజర్ మా వదిన చేతులంటున్నడు.”

“వాళ్లు ప్రతి ఫెయిల్‌కు అదే చెప్తరు మేడం.”

అప్పుడు గమనించాను. పక్క మడుల్లో తేడా చెట్లను పీకి కుప్పేశారు. మా మడిలో సన్న రేకుల చెట్లను మాత్రం ఉంచారు. ఉంచడమే కాదు, మొగ్గలకు కాగితం సంచులు కట్టారు. పరాయి పుప్పొడి తగలకుండా, వాటి విత్తనం వాటికే నిలవడానికి కట్టే సంచులు అవి.

“ఇవెందుకు ఉంచిన్రు?” అన్నాను.

అతను కాస్త ఇబ్బంది పడ్డాడు. “పైనుంచి ఉంచమన్నరు మేడం. రేకుల నడుమ సందుంది గద, మొగ్గ తొందరగ ఒలవొచ్చు. ముందు ముందు ఆడ చెట్లల్ల ఈ గుణం పెడితే కూలీల ఖర్చు తగ్గుతదని చూస్తున్నరు.”

వదిన అంతసేపూ నా పక్కనే నిలబడి ఉంది. మా మాటల్లో కొన్ని తెలిశాయి, కొన్ని తెలియలేదు. “ఏమంటుండు?” అని అడిగింది. చెప్పాను. ఆ పువ్వు మన చేనుకు ఫెయిల్, వాళ్లకు పనికొచ్చింది, అందుకే దాచుకుంటున్నారు అని చెప్పాను. నీ పనిలో తప్పు లేదని కూడా ఒప్పుకున్నాడు అన్నాను.

వదిన ఆ సంచుల వైపు చూసింది. తర్వాత అతని వైపు తిరిగింది.

“సారూ, నా పనిల తప్పు లేదన్న మాట మా ఊరికొచ్చి ఒక్కసారి చెప్తవా? మా ఇంటాయనకు చెప్తే చాలు. ఫోన్ల చెప్పినా సరే.”

అతను నేల చూపులు చూశాడు. “నా నౌకరి పోతదమ్మా,” అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కొత్తకోటలో బస్సు కోసం నిలబడ్డాం. దాబాల ముందు లారీలు, డీజిల్ వాసన, ఎండ. నేను ఆవేశంగా ఏదేదో చెబుతున్నాను, వ్యవసాయ శాఖకు పోదాం, కలెక్టరేట్‌కు పోదాం అని. వదిన వినలేదు. “ఆ సంచుల కాడి పిలగాడు మంచోడే పాపం,” అంది, అంతే. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నేను తర్వాత వ్యవసాయ శాఖకూ పోయాను, కలెక్టరేట్‌కూ పోయాను. కంపెనీకీ ఆర్గనైజర్‌కూ నడుమ ఉన్నది వాళ్ల వ్యవహారం అన్నారు. ఆర్గనైజర్‌కూ రైతుకూ నడుమ ఉన్నది నోటిమాట అన్నారు. విత్తనంలో లోపం ఉందని తేల్చాలంటే ఆ విత్తనం కావాలి, అది కంపెనీ దగ్గరే ఉంది.

అన్నకు కూడా చెప్పాను, కొత్తకోటలో చూసిందంతా. తల వంచుకుని విన్నాడు. “సరే తీ,” అన్నాడు.

వాన పడ్డాక ఆర్గనైజర్ మళ్లీ విత్తనం ఇచ్చాడు, ఒక షరతు మీద. క్రాసింగ్‌లో వదిన చెయ్యి పెట్టకూడదు. అన్న ఒప్పుకున్నాడు. కర్ణాటక వైపు నుంచి కూలీలను తెచ్చుకున్నాడు. ఊళ్లో మిగతా రైతులూ ఆ ఏడు వదినను పిలవలేదు. అంతకుముందు ఇంటి చుట్టూ తిరిగినవాళ్లే, దారిలో ఎదురైతే, “ఈసారి మనుషులు దొరికిండ్రు,” అని పక్కకు తప్పుకునేవాళ్లు. ఇంట్లో కూర్చుంటే పిచ్చిలేస్తుందని వదిన వనపర్తికి వచ్చి నా గదిలో ఉండి, పల్లీల మిల్లులో పనికి కుదిరింది. పుచ్చు గింజలు ఏరే పని. సాయంత్రం వచ్చాక దుమ్ముకు దగ్గు వచ్చేది. పూత కాలం నడుస్తున్నన్నాళ్లు ఆమె చేతులు ఊరికే ఉండలేకపోయేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ పల్లీ పొట్టునో, చీర కొంగునో బొటనవేలి గోటితో చీలుస్తూ ఉండేది.

మరుసటి ఎండాకాలం అన్న వనపర్తికి వచ్చాడు. కొత్త చొక్కా, మొహంలో వెలుగు. మిఠాయి పొట్లం పొయ్యి గట్టు మీద పెట్టాడు.

“పాస్ అయింది,” అన్నాడు. “ఇగ ఇంటికి పోదాం పా,” అన్నాడు వదినతో.

“మంచిదే,” అంది వదిన. లేవలేదు.

“నువ్వు చెయ్యి పెట్టలే, పాస్ అయింది. ఇగ ఎవరూ ఏమనరు,” అన్నాడు. ఊరడించే మాటే అనుకుని అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. “అంటే తప్పు వదిన చేతులదే అని తేలిందా అన్నా? ఈ ఏడు సన్న రేకుల చెట్లు రాలేదు గాబట్టి పాస్ అయింది.”

“రాకపోవుడేంది?” అన్నాడు. “మస్తొచ్చినయి. పొద్దుగాల కూలీలు రాకముందే నేను పోయి ఒక్కొక్క వరస చూసి పీకేసిన. వాగుల పారేసిన.”

తానేమన్నాడో అన్నకు అప్పుడు అర్థమైంది.

“అంటే నీకు తెలుసు,” అంది వదిన.

అన్న మిఠాయి పొట్లం దారం విప్పబోయి ఆగాడు. “చెల్లె చెప్పినప్పుడే తెలుసు.”

“మరి అందరి ముందల నన్నన్నవ్. అందరి ముందల కాదని ఒక్కమాట చెప్పు. వస్త.”

“గట్ల చెప్తే ఆర్గనైజర్ది తప్పన్నట్లయితది. రేపు ఇత్తనం ఎవరిస్తరు?” అన్నాడు. గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్లే అన్నాడు. “అన్న మాటలు అన్నరు, అయిపోయింది. ఊరు ఎన్నొద్దులు యాదుంచుకుంటది?”

వదిన ఆ రోజు వెళ్లలేదు. అన్న అన్నం తినకుండా చివరి బస్సుకు పోయాడు. వానలకు ముందు మిల్లులో పని ఆగిపోయింది, ఆ వేసవికి నాకూ జీతం లేదు. అద్దె గదిలో ఇద్దరం ఎన్నాళ్లుంటాం? ఒక పొద్దున వదిన బట్టలు సంచిలో సర్దుకుంది. పెబ్బేరు దాకా నేను వెంట పోయాను. ఆ రోజు పశువుల సంత, బస్సు కదలడానికి చాలాసేపు పట్టింది. కిటికీ దగ్గర కూర్చుని, పోతున్న ఎడ్లను చూస్తూ, “నువ్వు ఇంకెవరితోని కొట్లాడకు పిల్లా,” అంది.

ఇప్పుడు అన్న ప్రతి ఏడూ సీడ్ పత్తి వేస్తున్నాడు, ప్రతి ఏడూ పాస్ అవుతోంది. పేలిక రేకుల చెట్లు తగ్గాయట. వదిన పూత కాలమంతా కూలీలకు వంట చేసి, సద్ది గట్టు దాకా తీసుకుపోయి, అక్కడే దించి వస్తుంది. వరసల్లోకి దిగదు. కొత్తగా వచ్చిన కూలి పిల్లలు ఎందుకని అడిగితే ఊళ్లోవాళ్లు, “ఆమె చేతికి పత్తి అచ్చిరాదు,” అని చెబుతారు. అన్న పక్కనే ఉన్నా ఏమీ అనడు.